సెష్షూనా, తోహాకునా, తైగానా: ముందు గోడ కొలవండి

మూడేళ్ల కిందట ఆన్‌లైన్‌లో ఒక కాన్వాస్ ప్రింట్ తెప్పించాను. జపాన్ చిత్రకారుడు సెష్షూ సిరాతో వేసిన చలికాలపు కొండల బొమ్మ అది. హాలు గోడ ఖాళీగా ఉంది కదా అని నాలుగడుగుల ఎత్తు సైజు ఆర్డర్ చేశాను. మేకు కొట్టి తగిలించిన సాయంత్రం మా అమ్మ కాఫీ గ్లాసుతో వచ్చి, కాసేపు దాన్నే చూసి, "గోడ బీటలిచ్చిందేమిట్రా అక్కడ?" అంది. వెక్కిరింత కాదు, నిజంగానే అడిగింది.

ఆవిడ తప్పేం లేదు. ఆ బొమ్మ పైభాగంలో, నడిమధ్యన, ఒక నల్లటి గీత వంకర్లు తిరుగుతూ దిగి ఉన్నట్టుండి ఆగిపోతుంది. ముందుకు వాలిన కొండచరియ అంచు అది. అసలు సైజులో చూస్తే ఆ ఒక్క గీతతోనే కొండ మన మీదికి ఒరిగినట్టుంటుంది. కానీ ఆ అసలు సైజు ఎంతనుకున్నారు? ఎత్తు 47.7 సెంటీమీటర్లు, వెడల్పు 30.2. ఏ3 కాగితం కంటే కాస్త పెద్దది, అంతే. ఒళ్లో పెట్టుకుని చూడగలిగే బొమ్మను కిటికీ అంత చేసేసరికి కొండ అంచు కాస్తా గోడ బీట అయింది.

అప్పటి నుంచి ఎవరైనా "జపాన్ ఇంకు కొండల బొమ్మ ఒకటి పెట్టుకుందామనుకుంటున్నాం, ఏది బాగుంటుంది?" అని అడిగితే నేను తిరిగి రెండు ప్రశ్నలు వేస్తాను. గోడ ఎంత? ఎంత దూరంలో కూర్చుని చూస్తారు? ఏ చిత్రకారుడు గొప్ప అన్నది ఆ తర్వాతి మాట. వీటిలో చెయ్యెత్తు బొమ్మ ఉంది, జానెడు బొమ్మ ఉంది, గది దాటి పోయే బొమ్మ ఉంది. ఫోన్లో మాత్రం అన్నీ ఒకటే సైజు. తికమక అక్కడే మొదలవుతుంది.

అన్నిటికీ పుట్టిల్లు చైనాయే, కానీ ఒకే చైనా కాదు

వీటిని జపాన్‌లో సన్‌సుయి అంటారు, చైనాలో షాన్‌షుయి. రెండింటికీ అర్థం ఒకటే, కొండలూ నీళ్లూ. జెన్ బౌద్ధ సన్యాసులు చైనాకు వెళ్లి వస్తూ దక్షిణ సోంగ్ కాలపు (12, 13 శతాబ్దాల) బొమ్మలు వెంట తెచ్చుకున్నారు. ఆ జెన్ అన్న మాట కూడా మన "ధ్యానం" చైనా మీదుగా ప్రయాణం చేసి అరిగిపోయిన రూపమే. క్యోటోలో అషికాగా షోగున్‌లు, అంటే అప్పటి సైనిక పాలకులు, ఆ బొమ్మలను మోజుగా కూడబెట్టారు.

వాళ్లు ఎక్కువగా ఇష్టపడినవి రెండు రకాలు. ఒకటి ఆస్థాన చిత్రకారులు మా యువాన్, షియా గుయ్‌ల పద్ధతి. గట్టి గీత, కోసుగా రాళ్లు, బొమ్మంతా ఒక మూలకు జరిగి మిగతాదంతా పొగమంచు. రెండోది ము చీ అనే సన్యాసి పద్ధతి. గీత దాదాపు ఉండదు, తడి సిరా కాగితంలోకి ఇంకి ఆవిరిలా కనిపిస్తుంది. ము చీని సొంత దేశంలో విమర్శకులు మోటు పని అని తీసిపారేశారు. జపాన్ వాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. ఆయన పేరున్న మంచి బొమ్మలు ఈనాటికీ ఎక్కువగా జపాన్‌లోనే ఉన్నాయి. షియావో, షియాంగ్ నదుల ఎనిమిది దృశ్యాలను ఆయన పొడవాటి చుట్టగా, అంటే చుట్టి దాచుకునే కాగితం మీద వేస్తే, షోగున్ యోషిమిత్సు కాలంలో దాన్ని ముక్కలుగా కోసి గోడకు వేలాడదీసే బొమ్మలుగా మార్చేశారు. గోడకు తగ్గట్టు బొమ్మను సర్దుకునే అలవాటు మనతో మొదలైంది కాదన్నమాట.

మూడో ధార చాలా ఆలస్యంగా, 18వ శతాబ్దంలో వచ్చింది. అది సన్యాసులతో కాదు, అచ్చుపుస్తకాలతో వచ్చింది. దాని సంగతి తైగా దగ్గర చెబుతాను.

సెష్షూ: దగ్గరగా కూర్చుని చూసేవాళ్లకు

సెష్షూ 1420లో పుట్టాడు. క్యోటోలోని షోకోకుజీ మఠంలో షూబున్ దగ్గర నేర్చుకుని, తర్వాత పడమటి జపాన్‌లోని యమగుచికి వెళ్లాడు. 1467లో మింగ్ చైనాకు ఓడెక్కి 1469లో తిరిగొచ్చాడు. జపాన్ ప్రభుత్వం జాతీయ సంపదగా గుర్తించిన బొమ్మలు ఈయనవే ఆరున్నాయి, మరే చిత్రకారుడికీ అన్ని లేవు.

కాబట్టి "సెష్షూ బొమ్మ కావాలి" అంటే చాలదు, ఏ సెష్షూ అని అడగాలి. నేను పాడు చేసుకున్న చలికాలపు బొమ్మ షియా గుయ్ దారిలోది. టోక్యో నేషనల్ మ్యూజియంలో దాని జోడీగా ఆకురాలు కాలం బొమ్మ కూడా ఉంది. చలికాలపు బొమ్మలో మంచు కప్పిన కొండలు తెల్లగా కనిపిస్తాయి గానీ అక్కడ తెల్లరంగు లేదు. వెనక ఆకాశానికి పలచటి బూడిదరంగు పూత వేసి, కొండల్ని ఖాళీ కాగితంగా వదిలేశాడంతే. కింద టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు దారి పట్టి పైకి నడుస్తుంటాడు. అగ్గిపుల్ల తలంత ఉంటాడు. వాడు కనిపించాలంటే రెండడుగుల దూరంలో ఉండాలి. రాతబల్ల ఎదురుగా, చదువుకునే కుర్చీ పక్కన, అసలు సైజులో పెట్టుకోండి. హాల్లో సోఫా మీద మాత్రం వద్దు.

ఇరుకు గోడ ఉంటే, అంటే రెండు తలుపుల మధ్య మూరెడు జాగా మిగిలితే, ఈయనదే ఇంకోటుంది. 1495లో వేసిన "హబొకు" బొమ్మ. ఎత్తు 148.6, వెడల్పు 32.7 సెంటీమీటర్లు. సిరాను చిలకరించినట్టు నాలుగు తడి మరకలు, వాటి మీద నల్లటి విసుర్లు. మొదట చూస్తే ఏమీ అర్థం కాదు. కాసేపటికి కొండ, దాని కింద గుడిసె, నీటి మీద పడవ ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. దీని వెనక ఉన్నది యూ జియన్ అనే మరో చైనా సన్యాసి పద్ధతి.

కొనేటప్పుడు ఇక్కడ ఒకటి గమనించాలి. ఆ 148 సెంటీమీటర్లలో బొమ్మ ఉండేది కిందిభాగంలోనే. పైనంతా రాత. ఊరికి తిరిగి వెళ్లిపోతున్న శిష్యుడు సోఎన్ అడిగితే వేసిచ్చిన బొమ్మ ఇది. బొమ్మ పైన సెష్షూ తన సంగతులు తానే రాసుకున్నాడు. చైనాలో గురువుల కోసం వెతికానని, ఇద్దరి పేర్లు చెప్పి, తిరిగొచ్చాక తన గురువు షూబున్, ఆయనకు ముందటి జోసెత్సు ఎంత గొప్పవాళ్లో తెలిసొచ్చిందని రాశాడు. ఆ పైన క్యోటో సన్యాసులు ఆరుగురి పద్యాలున్నాయి. ప్రింట్లు అమ్మేవాళ్లు ఈ రాతంతా కోసేసి మరకల భాగం ఒక్కటే అమ్ముతారు. నా మట్టుకు నాకు అది పెళ్లి ఫోటోలో పెళ్లికొడుకు ఒక్కడినే కత్తిరించి పెట్టినట్టుంటుంది. రాతతో సహా దొరికితేనే తీసుకోండి. మనకు చదవడం రాకపోయినా సరే, ఆ అక్షరాల బరువు పైనుంటేనే కింద మరకలు తేలికగా తేలుతాయి.

ఇక పెద్ద గోడ, పెద్ద సెష్షూ రెండూ కావాలంటే అమనోహషిదాతె దృశ్యం. సముద్రపు పాయకు అడ్డంగా పరుచుకున్న సన్నటి ఇసుక తిన్నె, దాని మీద దేవదారును పోలిన పైన్ చెట్లు, చుట్టూ గుళ్లు, ఊళ్లు, వెనక కొండలు. సుమారు 90 సెంటీమీటర్ల ఎత్తు, 178 వెడల్పు. ఇరవయ్యొక్క కాగితాలు అతికించి వేశాడు. ఎనభై దాటిన వయసులో. చైనా కొండలు గీసీ గీసీ చివరికి సొంత దేశపు చోటును, గుర్తుపట్టేలా, చైనా పద్ధతిలో వేసిన బొమ్మ. పిల్లలున్న ఇంటికి నేను ఇదే చెబుతాను. పటం లాగా వేలు పెట్టి వెతుక్కోవచ్చు. అయితే దూరం నుంచి చూస్తే చప్పగా ఉంటుంది, అది ముందే చెప్పాలి.

ఆయనదే 16 మీటర్ల చుట్ట ఒకటుంది, 1486 నాటిది. అది గోడ సరుకు కాదు. చుట్ట విప్పుతూ, ముందుభాగం చుడుతూ చూడాల్సింది. దాన్నుంచి ఒక ముక్క ఫ్రేము కట్టించడం సీరియల్లో ఒక్క ఎపిసోడ్ చూడటమే.

తోహాకు: దూరం ఉన్నవాళ్లకే

హసెగావా తోహాకు బొమ్మ "షోరిన్-జు", పైన్ చెట్ల తోపు. ఆరేసి మడతలున్న తెరలు రెండు. ఒక్కొక్కటి 156.8 సెంటీమీటర్ల ఎత్తు, 356 వెడల్పు. రెండూ పక్కపక్కన పెడితే ఏడు మీటర్లు దాటుతుంది. తోహాకు 1539లో నోతో ప్రాంతపు నానావోలో పుట్టి 1610లో పోయాడు. తనను తాను సెష్షూ నుంచి అయిదో తరం వాడినని చెప్పుకునేవాడు, కానీ ఈ బొమ్మలో కనిపించేది ము చీ తడి.

జనవరిలో టోక్యోలోని ఉయెనో మ్యూజియంలో దీన్ని చూశాను. కొత్త సంవత్సరం రోజుల్లోనే, కొద్ది వారాలు మాత్రం, దీన్ని బయట పెట్టడం అక్కడ ఆనవాయితీ. గది గుమ్మం దగ్గర నుంచి చూస్తే తెల్లవారుజాము మంచులో నాలుగు గుంపుల చెట్లు. కొన్ని దగ్గరగా, కొన్ని ఉన్నాయా లేవా అన్నంత దూరంగా. అద్దం దాకా నడిచాను. దగ్గరికెళ్లాక చెట్టు మాయం. బిరుసు కుంచెతో, చీపురుతో ఊడ్చినట్టు, కోపంగా కొట్టిన నల్లటి దెబ్బలు. ఆకు అనేదే లేదు. వెనక్కి పది అడుగులు వేశాను, మళ్లీ చెట్టయింది. గార్డు నవ్వినట్టనిపించింది. రోజూ అందరూ ఇలా ముందుకీ వెనక్కీ నడుస్తూనే ఉంటారేమో.

ఇంకో సంగతి, దీంట్లో కాగితాల అతుకులు సరిగా కలవవు. అందుకే ఇది పూర్తయిన బొమ్మ కాదు, పెద్ద తలుపుల కోసం వేసుకున్న చిత్తు అని కొందరు పండితులంటారు. చిత్తే ఇలా ఉంటే అని మీరనుకునేది నేనూ అనుకున్నాను.

ఇంటికి పనికొస్తుందా? కనీసం పన్నెండు అడుగుల దూరం, అడ్డంగా ఖాళీగా ఉన్న పొడవాటి గోడ ఉంటే దీన్ని మించింది లేదు. అసలు సైజు ఎవరింట్లోనూ పట్టదు కాబట్టి రెండు తెరల్లో ఒకటే ఎంచుకుని, అయిదారు అడుగుల వెడల్పుకు తగ్గించి పెట్టుకోవచ్చు. అంతకంటే చిన్నది చేస్తే మాత్రం మసి గుడ్డ తుడిచిన మరకలా ఉంటుంది. క్యాలెండర్ల మీద ఈ బొమ్మ చూసి "ఇందులో ఏముంది" అన్నవాళ్లను తప్పుపట్టలేం.

టీవీ ఉన్న గోడ మీద పెట్టకండి. ఇందులో బొమ్మ కంటే ఖాళీయే ఎక్కువ. ఆ ఖాళీ పక్కన నల్లటి అద్దం చేరితే కళ్లు అటే పోతాయి.

తైగా, బుసోన్, గ్యోకుదో: నవ్వుకునే రకం

18వ శతాబ్దానికి జపాన్ వాళ్లు విదేశం వెళ్లడం నిషిద్ధం. చైనా సరుకు నాగసాకి రేవులో దిగాలి. ఆ ఓడల్లో "ఆవాల తోట" పేరుతో చైనాలో 1679 నుంచి అచ్చయిన చిత్రలేఖన పాఠాల పుస్తకం లాంటివి వచ్చాయి. రాయి ఇలా, వెదురు ఇలా, దూరపు చెట్టు ఇలా అని అచ్చుబొమ్మలతో నేర్పేవి. చైనా చూడనివాళ్లు, చైనా పండితుల్లా వేయాలని ఆ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. తప్పుగా అర్థం చేసుకున్న చోటల్లా కొత్తది పుట్టింది. దీన్ని నంగా అంటారు.

వీటిలో నాకు బాగా నచ్చేది ఇకె నో తైగా, యోసా బుసోన్ కలిసి 1771లో వేసిన ఆల్బమ్. లీ యూ అనే చైనా రచయిత కొండ పల్లెలో కాపురం ఎంత సుఖమో పద్యాలు రాశాడు. అందులోని పది సదుపాయాలను తైగా, పది వినోదాలను బుసోన్ బొమ్మలు కట్టారు. ఒక్కో బొమ్మ సుమారు 18 సెంటీమీటర్ల చదరం, అంటే జానెడు. లేతరంగులు కూడా ఉంటాయి. తైగా మనుషులు గుండ్రటి మొహాలతో, ఏ తొందరా లేకుండా, చేపలు పడుతూ, కిటికీలోంచి చూస్తూ ఉంటారు. నాలుగు బొమ్మలు ఎంచుకుని అసలు సైజులోనే, వెడల్పాటి అంచు కాగితంతో ఫ్రేము కట్టించి వంటింటి దారిలో వరసగా పెట్టండి. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు నా మొదటి సలహా ఇదే. మేకులు చిన్నవి, ఇల్లు మారినా ఇబ్బంది ఉండదు.

సోఫా వెనక అడ్డంగా పొడుగ్గా కావాలంటే బుసోన్‌దే మంచు రాత్రి బొమ్మ ఉంది. 28 సెంటీమీటర్ల ఎత్తు, దాదాపు 130 వెడల్పు. నల్లటి ఆకాశం కింద మంచు కప్పిన ఇళ్ల కప్పులు, అక్కడక్కడ కిటికీల్లో వెలుగు. కొండలు వెనక్కి జరిగి ఊరు ముందుకొచ్చింది. ఖాళీని భరించలేని ఇంట్లోవాళ్లుంటే, ఉంటారు కదా, వాళ్లకు ఈ బొమ్మతో పేచీ ఉండదు.

ఉరగామి గ్యోకుదో సంగతి వేరు. ఒకాయామాలో సంస్థానపు ఉద్యోగి, 1794లో యాభై ఏళ్ల వయసులో కొలువు వదిలేసి, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని, చైనా తంత్రీవాద్యం ఒకటి పట్టుకుని దేశం మీద పడ్డాడు. ఆయన మంచు కొండల బొమ్మ "తోఉన్ షిసెత్సు" వణికే గీతల కుప్ప. నవలాకారుడు కవాబాతా యసునారి దాన్ని కొనుక్కున్నాడు. పైన చెప్పిన తైగా, బుసోన్ ఆల్బమ్ కూడా ఆయన దగ్గరిదే. ఆ రెండూ ఒకే మనిషికి నచ్చాయంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఒకటి నవ్వు, ఇంకోటి చలి. గ్యోకుదో బొమ్మను పడకగదిలో మాత్రం పెట్టుకోకండి, నిద్ర పట్టదు.

మనకు చుట్టరికం ఉన్నది కావాలంటే

యొకోయామా తైకాన్ పేరు చూడండి. ఆయనా, హిషిదా షున్సో కలిసి గీత లేకుండా రంగునూ సిరానూ మసకగా పరిచి బొమ్మలు వేస్తే, టోక్యోలో "మసక రకం" అని ఎగతాళి చేశారు. 1903లో ఇద్దరూ కలకత్తా వచ్చారు. టాగోర్ కుటుంబంతో కలిసిమెలిసి తిరిగారు. తైకాన్ తడి కుంచె పని చూసిన అవనీంద్రనాథ్ టాగోర్ దాన్ని తనదైన వాష్ పద్ధతిగా, అంటే పలచటి తడి పూతల పద్ధతిగా మార్చుకున్నాడు. ఆ బెంగాల్ పద్ధతి ప్రమోద్ కుమార్ చటర్జీతో బందరు జాతీయ కళాశాలకు చేరింది. అక్కడ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో మన అడివి బాపిరాజు ఒకరు. చైనా పొగమంచు క్యోటో, టోక్యో, కలకత్తా తిరిగి బందరు ఉక్కపోతలో దిగిందన్నమాట.

తైకాన్ ఇంకు బొమ్మల్లో పెద్దది 1923 నాటి "సెయిసెయి రుతెన్", 40 మీటర్ల చుట్ట. నీటిబొట్టు నుంచి సముద్రం దాకా. టోక్యోలో దాన్ని మొదటిసారి ప్రదర్శించిన రోజునే, సెప్టెంబరు 1న, మహా భూకంపం వచ్చింది. బొమ్మ బతికింది. ఇదీ గోడ సరుకు కాదు గానీ, తైకాన్ చిన్న బొమ్మలు చాలా ఉన్నాయి.

ప్రింట్ తీసుకునేటప్పుడు

ఈ సిరా ఎలా తయారవుతుందో తెలిస్తే ఏ ప్రింట్ మంచిదో సులువుగా తెలుస్తుంది. ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి మన అమ్మమ్మలు కాటుక పట్టేవారు కదా, సుమి సిరా కూడా అలాంటి మసే. నూనె దీపపు మసినో, పైన్ కట్టె మసినో జంతు జిగురుతో కలిపి కడ్డీలుగా ఆరబెడతారు. నారా పట్టణం ఈ పనికి ప్రసిద్ధి. వాడేటప్పుడు రాతి మీద నీళ్లు పోసి, సాన మీద గంధం తీసినట్టే, అరగదీస్తారు. నూనె మసి కాస్త గోధుమ ఛాయలో, పైన్ మసి నీలి ఛాయలో ఉంటుంది. సిరాలో అయిదు రంగులున్నాయని చైనాలో ఊరికే అనలేదు.

అందుకని మొదటి పరీక్ష: ప్రింట్లో నలుపు అంతా ఒకే నలుపుగా ఉందా? అయితే వదిలేయండి. కొందరు ఫోటోను బ్లాక్ అండ్ వైట్ చేసి, కాంట్రాస్ట్ పెంచి అమ్ముతారు. అసలు కాగితం పాతబడి పలచటి టీ డికాక్షన్ రంగులో ఉంటుంది, ఆ రంగుతో సహా ఉండాలి. కాన్వాస్ మీద అస్సలు వద్దు. దాని నేత గళ్లు పలచటి పూతను మింగేస్తాయి, నాలుగడుగుల అనుభవంతో చెబుతున్నాను. మెరుపు లేని మందపాటి కాటన్ కాగితం అడగండి. మామూలు అద్దం వేయిస్తే బాల్కనీ, ఫ్యాను, మీ మొహం అన్నీ మంచులో తేలుతుంటాయి. రిఫ్లెక్షన్ లేని అద్దానికి ఖర్చు ఎక్కువే, ఫ్రేము పట్టీలో తగ్గించుకుని అయినా అదే వేయించండి.

అసలు ప్రింట్ కొననే అక్కర్లేదు కూడా. జపాన్ జాతీయ మ్యూజియంల ఉమ్మడి సైట్ కోల్‌బేస్‌లో పెద్ద సైజు ఫోటోలు ఉచితంగా దొరుకుతాయి, ఎక్కడిదో పేరు రాస్తే చాలు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం కూడా తన దగ్గరున్న పాత బొమ్మల ఫోటోలను 2017 నుంచి అలా వదిలేసింది. దించుకుని, మంచి కాగితం ఉన్న స్థానిక ఫోటో ల్యాబ్‌కు ఇచ్చి, అసలు కొలతలు సెంటీమీటర్లలో రాసి ఇవ్వండి. "ఎ3 చేసేద్దాం సార్, కట్ అవుతుందంతే" అంటారు. కట్ కానివ్వకండి. డబ్బు పెట్టగలిగితే క్యోటోలో బెన్రిదో వాళ్లు కొలోటైప్ అనే పాత పద్ధతిలో ఇప్పటికీ అచ్చువేస్తున్నారు. చుక్కల్లేని అచ్చు అది, పలచటి పూతలు పలచగానే వస్తాయి.

ఇంకొకటి, జపాన్ ఇళ్లలో ఈ బొమ్మలు ఏడాది పొడుగునా గోడ మీద ఉండవు. తొకొనోమా అనే గూడులో ఒక ఋతువుకు ఒకటి వేలాడదీసి, అది అయ్యాక చుట్టి పెట్టెలో పెడతారు. ఒకటే కొనాలా, రెండు కొనాలా అని ఊగిసలాడేవాళ్లు ఒకే సైజువి రెండు తీసుకుని ఒకే ఫ్రేములో మార్చుకోవచ్చు. సెష్షూ ఆకురాలు కాలం, చలికాలం బొమ్మలు ఒకే కొలత, ఈ పనికే పుట్టినట్టుంటాయి. నా బల్ల ఎదురుగా ఇప్పుడు ఆకురాలు కాలం ఉంది. డిసెంబరులో టోపీ మనిషి వస్తాడు. నాలుగడుగుల కాన్వాస్‌ను మా అమ్మ మంచం వెనకకు పంపించేసింది. గోడకు నిజంగానే ఒక బీట వచ్చిందక్కడ, దాన్ని కప్పడానికి.